ఇంజన్లను ‘మీరు’ అన్న మనిషి

పోయిన నెల మా పేట చర్చిలో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరుగారు కొత్తవారు. బదిలీ మీద వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, పోయిన మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరో రాసిచ్చిన కాగితం చేత్తో పట్టుకుని, "మన సహోదరుడు సాత్వికుడు, ఏనాడూ ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు" అని చదివారు. నా పక్కన కూర్చున్న వెల్డింగ్ షాపు సత్తిబాబుకి ఒక్కసారిగా దగ్గు వచ్చింది. ముందు వరసలో కూర్చున్న, పోయినాయన భార్య తలెత్తి, పాస్టరుగారి వంక అదోరకంగా చూసి, మళ్ళీ తల దించుకుంది.

కూడిక అయ్యాక బయట షామియానా కింద భోజనాలు. సత్తిబాబు విస్తరాకు ముందు కూర్చుని నోరు తెరిచి చూపించాడు. "మరి ఈ పన్ను ఎవరు రాలగొట్టారండి? దేవదూతలా?" ఎదురుగా ఉన్న పాత ఇనప సామాన్ల కొట్టు మస్తాన్‌గారు ఎడమ చెవి ముందుకు వంచి, వెనకాల ఉన్న గాటు చూపించారు. ఇంకొకాయన పంచె పైకి లాగి పిక్క చూపించాడు. పులిహోర వడ్డించేవాడు గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు. అందరం నవ్వాం. నవ్వాక అందరికీ బాధ వేసింది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఇలా వదిలేస్తే పదేళ్ళలో ఆయన నిజంగానే సాత్వికుడైపోతాడు. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో చాలామంది అలాగే మంచివాళ్ళయ్యారు. చూసినవాళ్ళు రాయలేదు, చూడనివాళ్ళు కాగితం చూసి చదివారు. ఈయన్ని చూసినవాళ్ళలో నేనొకణ్ణి. పేరు మాత్రం రాయను. "పేరు సమాధి మీద చెక్కించాంగా, చాలు. మిగతాది నీ ఇష్టం" అంది ఆయన భార్య. ఆవిణ్ణి నేను పిన్ని అంటాను, ఆయన్ని బాబాయ్‌గారు అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు.

ఆయన కాలువ లాకు దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, గట్టు మీద తిరిగి గండ్లు పడకుండా చూడడం లస్కరు పని. దాంతో ఆయన భుజాలు ఎలా తయారయ్యాయంటే, వెనకనుంచి చూస్తే మెడ ఉన్నట్టు కనిపించేది కాదు. రిటైరయ్యాక కాలువ గట్టు పక్కన ఇంటి వెనకాల రేకుల షెడ్డు వేసుకుని, పాత చిన్న పెట్రోలు ఇంజన్లు తెచ్చి బాగుచేయడం మొదలుపెట్టారు. అమ్మడానికి కాదు. బతికించడానికి.

నాకు ఆయన పరిచయమైంది తణుకు శాఖా గ్రంథాలయంలో. నేను పదో తరగతి తప్పి, బట్టల కొట్లో గుమాస్తాగా చేరినవాణ్ణి. మిగతా చదువంతా ఆ గ్రంథాలయంలోనే. అక్కడి సైన్సు బీరువా పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. గొప్ప కోసం చెప్పడం లేదు అందామనుకున్నాను గాని, కొంచెం గొప్ప కోసమే చెబుతున్నాను. ఒక ఆదివారం ఉదయం ఆయన తువ్వాల్లో ఏదో చుట్టుకుని వచ్చి, పేపర్లు చదివే బల్ల మీద ఢామ్మని పెట్టారు. లైబ్రేరియన్ విజయలక్ష్మిగారు లేచి, "ఇది లైబ్రరీ అండి. కాస్త చేతులు కడుక్కుని రండి" అన్నారు.

"చేతులున్నాయి నాకు. కళ్ళు కావాలి. ఇంగ్లీషు చదివే కళ్ళు ఇక్కడ ఎవడికున్నాయి?" అన్నారాయన.

నేను లేచాను. తువ్వాల్లో ఉన్నది ఒక ఇత్తడి రేకు. ఏదో ఇంజను మీదనుంచి ఊడదీసింది. ఒకటిన్నర హార్స్‌పవర్ అనీ, పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలు మీద నడపాలనీ చదివి చెప్పాను. చివరి వరస సగం అరిగిపోయింది. తెలిసిన ముక్కలు పట్టుకుని మిగతాది ఊహించి చెప్పబోయాను. ఆయన చెయ్యి వచ్చి నా మెడ మీద పడింది. నాలుగు వేళ్ళూ ఒకవైపు, బొటనవేలు ఒకవైపు.

"ఉన్నది చదువు. లేనిది చదివావంటే వేళ్ళు విరిచేస్తాను."

"లేదండి. అరిగిపోయిందండి" అన్నాను.

"అలా చెప్పు" అని మెడ వదిలి, అదే చేత్తో వీపు తట్టారు. రెండూ ఒకే బరువు. ఆ రోజునుంచి నా పేరు ‘లైబ్రరీ’ అయిపోయింది. "ఏరా లైబ్రరీ, సాయంత్రం రా, ఇంకో రేకుంది."

షెడ్డులో ఎప్పుడు చూసినా పదో పన్నెండో ఇంజన్లు కొబ్బరి దుంగల మీద కూర్చుని ఉండేవి. మైకుసెట్టువాళ్ళ జనరేటరు ఇంజను, ఉప్పాడ వైపునుంచి తెచ్చిన ఉప్పు తినేసిన పడవ మోటారు, జంగారెడ్డిగూడెం పామాయిల్ తోటల్లో ఎవరో పారేసిన రంపపు ఇంజను, చేలకు మందు కొట్టే స్ప్రేయరు ఇంజన్లు మూడు. ఒక్కొక్కదాని మీద ఆయన పాత లుంగీ కప్పి ఉండేది. పొద్దున్నే లుంగీలు ఒక్కొక్కటే తీస్తూ పలకరించేవారు. "ఏవండీ, లేచారాండీ? ఇవాళైనా కదులుతారాండీ?" మనుషులందర్నీ ఒరే, ఏరా. కలెక్టరు వచ్చినా నువ్వే అనేవారేమో. ఇంజన్లకు మాత్రం గారు, అండీ. మా గోదావరి జిల్లాల్లో కుక్కపిల్లను కూడా అండీ అంటారని బయటివాళ్ళు ఎగతాళి చేస్తారు. ఆ మర్యాదంతా ఈయన ఇనుముకి దానం చేసేశారు.

పట్టేసిన పిస్టన్ను వదిలించడానికి ఆయన పద్ధతి ఒకటుంది. ప్లగ్గు తీసి, ఆ కన్నంలోంచి కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, వారాల తరబడి అలా ఉంచేవారు. రోజూ పళ్ళు తోముకుంటూ వచ్చి, చింతకర్ర ముక్క పెట్టి రెండే రెండు దెబ్బలు తట్టేవారు. మూడో దెబ్బ ఉండేది కాదు. "మూడోది కోపం" అనేవారు. ఒకసారి ఎవరో మెకానిక్కు చూడ్డానికి వచ్చి, "ఇలా ఎప్పటికి కదుల్తుందండీ" అని సుత్తి తీసి ఒక్కటేశాడు. ఆ సుత్తి అతని చేతిలోంచి లాక్కుని అతని పిక్క మీద వేశారు. షామియానా కింద పంచె పైకి లాగింది అతనే.

సత్తిబాబు పన్ను కథ కూడా ఇలాంటిదే. పోత ఇనుమును ముందు కాల్చి వేడెక్కించకుండా వెల్డింగ్ చేస్తే చల్లారేటప్పుడు పగులుతుంది. ఇది సత్తిబాబుకి తెలుసు, బద్ధకించాడు. సిలిండరు అతుకు పక్కనే మళ్ళీ చీలింది. ఆయన ఆ సిలిండరే తీసి ముఖాన కొట్టారు. సత్తిబాబు నోరు కడుక్కుని, పన్ను జేబులో వేసుకుని, కొలిమి రాజేసి, సిలిండరు వేడెక్కించి మళ్ళీ అతికాడు. "అప్పట్నుంచి నా చేతిలో ఒక్క పోతముక్క కూడా పగల్లేదండి" అని ఇప్పటికీ చెబుతాడు. అది క్షమించడమా, పాఠం నేర్చుకోవడమా, భయమా, నేను చదివిన మనస్తత్వశాస్త్రం పుస్తకం ఒక్కటీ తేల్చలేదు.

నా మొదటి దెబ్బ హ్యాండిలు దగ్గర. పాత ఇంజన్లను ఇనప హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పి స్టార్టు చేయాలి. నేను మామూలుగా పిడికిలి బిగించి పట్టుకున్నాను. చెంప ఛెళ్ళుమంది.

"బొటనవేలు!"

బొటనవేలు హ్యాండిలు చుట్టూ తిప్పకూడదు. మిగతా నాలుగు వేళ్ళతో పాటు ఒకే వైపు ఉంచాలి. పిస్టన్ పైకి చేరకముందే నిప్పురవ్వ పడితే ఇంజను వెనక్కి తంతుంది. వేలు చుట్టుకుని ఉంటే వేలూ మణికట్టూ దాంతోపాటే వెళ్ళిపోతాయి. ఆయన కుడి బొటనవేలు బయటికి తిరిగి ఉండడానికి కారణం అదే. తర్వాత గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన మోటారు మెకానిజం పుస్తకంలో సరిగ్గా ఇదే కనబడింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి, "బాబాయ్‌గారూ, మీరు చెప్పింది పుస్తకంలో కూడా ఉందండి" అన్నాను. ఇంకోటి పడింది. "నేను కొట్టినప్పుడే తెలిసిందిగా. మళ్ళీ పుస్తకమెందుకురా?"

బాగైన ఇంజన్ను ఊరికే ఉంచడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఏదో ఒక పనికి తగిలించేవారు. చెరుకు రసం మిషనుకు ఒకటి, కొబ్బరి కోరడానికి ఒకటి. ఒక క్రిస్మస్‌కి చర్చి ప్రేమవిందు గారెల కోసం స్ప్రేయరు ఇంజను తీసి గ్రైండరుకి బిగించారు. వేగం తగ్గించే కప్పీలు సరిపోలేదు. నిమిషంలో పదిహేను కేజీల పిండి గోడల మీద, సండేస్కూలు పిల్లల మీద, గుమ్మానికి కట్టిన స్టార్ మీద ఉంది. సంఘ పెద్ద ఒకాయన పడీపడీ నవ్వాడు. బాబాయ్‌గారు గ్రైండర్లో మిగిలిన పిండి దోసిలితో తీసి, ఆయన కళ్ళజోడు మీద మెత్తారు. తర్వాత ఇంజను దగ్గరకెళ్ళి, "మీ తప్పు కాదండి" అన్నారు.

ఆడవాళ్ళ మీద మాత్రం చెయ్యెత్తలేదని కూడికలో ఎవరో అన్నారు. అదీ నిజం కాదు. ఇది రాయొచ్చా అని పిన్నినే అడిగాను. ఆవిడ బియ్యం ఏరుతూ చెప్పింది. "మొదటి రెండేళ్ళూ కొట్టారు. ఓ రోజు దంచుతున్న రోకలి అలాగే ఎత్తి భుజం మీద ఒక్కటేశాను. వారం రోజులు లాకు తలుపు ఎత్తలేకపోయారు. అప్పట్నుంచి నన్నూ మీరు అనేవారు." చేటలోంచి రాయి తీసి పారేసి, "ఇంజన్లకి ఆ మర్యాద ఎందుకొచ్చిందో నీకిప్పుడు తెలిసిందా? అవీ తిరిగి తంతాయి" అంది.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి.

బాబాయ్‌గారి నాన్న కౌలు రైతు. ఆయనకొక చిన్న ఇంజను ఉండేది, నారుమళ్ళకు మురుక్కాలువలోంచి నీళ్ళు తోడడానికి. నేను గ్రంథాలయంలో చదివిన ఇత్తడి రేకు దానిదే. నాన్న పోయాక అది తమ్ముడు దానియేలుగారి దొడ్లో ముప్ఫై ఏళ్ళు పడి ఉంది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టుకునేవి. దానియేలుగారు ఇక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, అదే కాలువ గట్టు మీద, కౌలుకు రొయ్యల చెరువు చేస్తారు. బాబాయ్‌గారు ఒకరోజు వెళ్ళి, అడక్కుండా, ఆ ఇంజన్ను సైకిలు వెనక కట్టుకుని తెచ్చేసుకున్నారు.

రెండేళ్ళు పట్టింది. దాని కాయిలు ఫ్యాన్లు చుట్టే మనిషి చేత చుట్టించారు. వాల్వు దొరక్కపోతే వేరే బండిది తెచ్చి కొలతకు అరగదీశారు. రింగుల కోసం రాజమండ్రిలో పాత సామాన్ల సందులన్నీ తిరిగారు. అది మొదటిసారి అందుకున్న రోజు నేనున్నాను. డుబ్బు డుబ్బు డుబ్బుమని గట్టంతా మోగింది. ఆయన సంతోషంతో నా వీపు మీద ఒక్కటేస్తే బోర్లా పడ్డాను. లేచి చూస్తే, ఆయన ఇంజను ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "నాన్న దీన్ని తిప్పుతుంటే మేమిద్దరం వెనకాల నిలబడి చెవులు మూసుకునేవాళ్ళం" అన్నారు. కుటుంబం గురించి ఆయన నాతో అన్న మాట ఆ ఒక్కటే.

వారానికి దానియేలుగారు వచ్చారు. యాభై దాటిన మనిషి, అన్నకంటే బక్కపల్చన. చెరువు దగ్గర పనిచేసే ఇద్దరితో ట్రాలీ ఆటో వేసుకుని వచ్చారు.

"అన్నయ్యా, నాన్న ఇంజను. నా దొడ్లోంచి తెచ్చావ్. ఏడాదిలో ఓ ఆర్నెల్లు నా చెరువు దగ్గర ఉండనీ. వినాలనుంది."

"నీ దగ్గర ఉంటే కోళ్ళు గుడ్లు పెట్టాయిరా దాంట్లో."

"పెడితే? వచ్చినప్పుడల్లా ఆ గుడ్లట్టు నువ్వు తిన్లేదేంటి?"

పనివాళ్ళలో ఒకడు నవ్వాడు. ఆ నవ్వే లేకపోతే ఏమయ్యేదో తెలియదు. బాబాయ్‌గారు గోడకు వేలాడే పాత రబ్బరు బెల్టు తీశారు. ఇంజన్నూ పంపునూ కలిపే బెల్టు, బొటనవేలంత మందం. దానితో తమ్ముణ్ణి కొట్టారు. అయిదు దెబ్బలు, నేను లెక్కపెట్టాను. వీపు మీద చొక్కా చిరిగింది. దానియేలుగారు చెయ్యి అడ్డం పెట్టలేదు. పడిపోయిన చెప్పు వెతుక్కుని తొడుక్కుని, పనివాళ్ళ ముఖాలు చూడకుండా ఆటో ఎక్కారు.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున్న ఎనిమిదింటికి, నేను కొట్టుకు బయల్దేరుతుంటే పిన్ని ఫోను చేసింది. "ఒరే నాయనా, ఈయన హ్యాండిలు పట్టుకుని తమ్ముడి దగ్గరికి పోయారు. ఇంజన్లో ఎవరో పంచదార పోశారు. చంపేస్తానని పోయారురా. ఆ ముఖం నేనెప్పుడూ చూళ్ళేదు."

నా మోపెడ్ మీద మూడు నిమిషాల్లో షెడ్డు దగ్గరున్నాను. ట్యాంకు మూత చుట్టూ పంచదార పలుకులు, వాటికి చీమలు. ఇంజను ఒక నిమిషం నడిచి, గరగరమని ఆగిపోయిందట. ఆయన మూత తీసి చూసి, "లోపలంతా పాకం పట్టేసింది. నాన్నని మళ్ళీ చంపాడు" అన్నారట. పెట్రోల్లో పంచదార పోస్తే కరిగి, సిలిండర్లోకి వెళ్ళి, వేడికి పాకమై గట్టిపడి ఇంజను శాశ్వతంగా చచ్చిపోతుందని మా వైపు అందరి నమ్మకం. చక్కెర ఫ్యాక్టరీ గాలి పీల్చి పెరిగినవాళ్ళం. పంచదార దేంట్లోనైనా కరుగుతుందనీ, వేడి తగిలితే పాకమవుతుందనీ మాకు గట్టి నమ్మకం. తమ్ముడి నమ్మకం అదే, అన్న నమ్మకం కూడా అదే.

అది నిజం కాదని నాకు తెలుసు. అట్ట లేని పుస్తకంలో ఉంది. నేను వెంటనే ఆయన వెనకాల వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. పుస్తకంలో చదివినది కళ్ళారా చూడొచ్చు కదా అని ఇంజను మీదికి వంగాను. మరి గరగర ఎందుకొచ్చింది? గాలి పీల్చే గొట్టం జాలీ ఊడదీసి ఉంది. లోపలికి వేలు పెట్టాను. వేలికి ఇసుక అంటుకుంది. కాలువ ఇసుక. దానియేలుగారు పంచదారతో ఆగలేదు. గాలితోపాటు ఇసుక సిలిండర్లోకి పోయి, గోడల్ని గీకేసింది. ఆయన పంచదార చూసి అక్కడే ఆగిపోయారు, ఇసుక చూడలేదు. ఇంజను నిజంగానే పాడైంది.

ఇదంతా గ్రహించడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషం తలుచుకుని నేను చాలా రోజులు నిద్రపోలేదు.

గట్టు మీద మోపెడ్ ఎంత పోతుందో అంత పోనిచ్చాను. చెరువు దగ్గరికి చేరేసరికి ఆయన సైకిలు గట్టు మీద పడి ఉంది, వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. దానియేలుగారు మేత బస్తాల పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. ఎడమ ముంజేయి మధ్యలో, ఎముక వంగకూడని చోట వంగి ఉంది. ఆయన భార్య రాహేలమ్మగారు, "అయ్యో బావగారూ, వద్దండీ, బావగారూ" అని అరుస్తోంది. పనివాళ్ళు నీళ్ళలోకి దిగిపోయి దూరంగా నిలబడ్డారు. బాబాయ్‌గారు హ్యాండిలు రెండు చేతులా నెత్తిమీదికి ఎత్తి ఉన్నారు. చూపు తమ్ముడి తల మీద ఉంది. పిన్ని చెప్పిన ముఖం అదే. అందులో కోపం లేదు. పని చేసేటప్పటి ముఖం.

"బాబాయ్‌గారూ, పంచదార పెట్రోల్లో కరగదండీ!"

హ్యాండిలు దిగలేదు. పడనూ లేదు.

"ఏంటీ?"

"కరగదండి. నీళ్ళలో కరుగుద్ది గాని పెట్రోల్లో కరగదు. పాకం పట్టదు. ట్యాంకు అడుగున కూర్చుంటుంది, అంతేనండి. కడిగేస్తే పోద్ది."

"ఎవడు చెప్పాడు?"

"పుస్తకంలో ఉందండి."

"ఏ పుస్తకం?"

"అట్ట లేదండి దానికి."

ఆయన ఇంకా నా వైపు తిరగలేదు. "అబద్ధమైతే ముందు వాడు, తర్వాత నువ్వు. చూపించు."

రాహేలమ్మగారు వంట పాకలోకి పరిగెత్తి, టీ గ్లాసు, పంచదార డబ్బా తెచ్చింది. ఆ పరుగులో సగం పంచదార దారిలోనే పోయింది. నేను మోపెడ్ గొట్టం లాగి గ్లాసులో పెట్రోలు పట్టి, రెండు చెంచాల పంచదార వేసి, పుల్లతో తిప్పాను. ఆయన హ్యాండిలు భుజం మీద పెట్టుకుని వంగి చూస్తున్నారు. దానియేలుగారు విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళ మీద జరుగుతూ దగ్గరికొచ్చారు. "గట్టిగా తిప్పవయ్యా. సరిగ్గా తిప్పు" అన్నారు. ఆయన ప్రాణం ఆ గ్లాసులో ఉంది, ఆ సంగతి ఆయనకు తెలుసు.

పలుకులు గిర్రున తిరిగాయి. పుల్ల తీశాను. నెమ్మదిగా అడుగుకు దిగి, తెల్లగా, వేసినవి వేసినట్టే కూర్చున్నాయి. బాబాయ్‌గారు తువ్వాలు అడ్డంపెట్టి పెట్రోలు వంపేశారు. మిగిలిన పంచదార రెండు పలుకులు నోట్లో వేసుకుని, పటపట కొరికి, ఉమ్మేశారు.

"కరగలేదు" అన్నారు.

హ్యాండిలు నా చేతికిచ్చారు. "పట్టుకో. బొటనవేలు చుట్టకు."

ముగ్గురం ఒకే మోపెడ్ మీద తణుకు వెళ్ళాం. నేను నడిపాను. దానియేలుగారు మధ్యలో, ఆయన పడిపోకుండా వెనకనుంచి అన్న పట్టుకున్నారు. గోతుల్లో బండి ఎగిరినప్పుడల్లా తమ్ముడు మూలిగేవారు, అన్న నా భుజం మీద గుద్దేవారు. ఆసుపత్రిలో ఎలా విరిగిందని డాక్టరుగారు అడిగితే, దానియేలుగారు తడుముకోకుండా, "ఇంజను హ్యాండిలు వెనక్కి తన్నిందండి" అన్నారు.

డాక్టరుగారు ఎక్స్‌రే వెలుగుకి పెట్టి చూశారు. "హ్యాండిలు తన్నితే మణికట్టు దగ్గర విరుగుద్దయ్యా. ఇది దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టుకుంటే విరిగే చోటు."

"నేనే కొట్టాను. రాసుకో" అన్నారు బాబాయ్‌గారు.

"ఈయనకి మతి లేదండి. ఇంజనే తన్నింది" అన్నారు దానియేలుగారు. ఎంత అడిగినా ఆ మాటే. తర్వాత వచ్చిన కానిస్టేబులుకీ అదే మాట. బెల్టు దెబ్బలకు అడ్డం పెట్టని చెయ్యి, ఈ దెబ్బకు అడ్డం పెట్టారు. పెట్టకపోతే తల పగిలేది.

నేను చెప్పిందాంట్లో పంచదార వరకూ నిజం. కడిగేస్తే పోద్ది అన్నది అబద్ధం. అది బయటపడటానికి మూడు రోజులు పట్టింది. ఆయన ట్యాంకు కడిగి, సిలిండరు ఊడదీస్తుంటే నేను పక్కనే ఉన్నాను. పారిపోవచ్చు, కాని పోలేదు. సిలిండరు లోపల పైనుంచి కిందిదాకా గీతలు, దున్నిన చేలో సాళ్ళలాగా. ఆయన వేలితో తడిమారు. వేలి కొసన ఒక ఇసుక రేణువు.

"లైబ్రరీ, నీ పుస్తకంలో ఇసుక గురించి లేదా?"

"ఉందండి."

"దీంట్లో ఇసుక ఎప్పుడు చూశావ్?"

"చెరువు దగ్గరికి రాకముందేనండి."

పానా వచ్చిన సంగతి నాకు తెలియలేదు. ఎడమ కన్ను కనపడలేదు, అంతా ఎర్రగా ఉంది. కంటిలోకి పోయిందేమో అనుకున్నాను. కనుబొమ్మ మీద తగిలింది, మూడు కుట్లు పడ్డాయి. ఆయనే నన్ను కూర్చోబెట్టి, కిరసనాయిలు వాసన వేసే తువ్వాలు తలకు కట్టారు.

"ఆ గ్లాసులో ఇసుక కూడా వెయ్యమనాల్సింది నేను" అన్నారు. ముడి బిగించి, "వెయ్యమని ఉంటే ఏం చేసేవాడివి?" అన్నారు.

"తెలీదండి."

"నాకు తెలుసు" అన్నారు. కింద పడ్డ పానా తీసి గోడకు తగిలించి, "ఇప్పుడు వాడి దగ్గరికెళ్ళినా చెయ్యి లేవదురా" అన్నారు. చెప్పుకుంటున్నది నాకో తనకో అర్థం కాలేదు.

ఆ ఇంజన్ను ఆయన మళ్ళీ బిగించలేదు. రాజమండ్రి తీసుకెళ్ళి, సిలిండరు గీతలు పోయేలా బోరింగ్ చేయిస్తే నడిచేది. నేను రెండుసార్లు అన్నాను, రెండుసార్లూ పానా కోసం చూశారు గాని తీయలేదు. గ్రీజు పూసి, విడిభాగాలన్నీ గోనెసంచిలో పెట్టి మూతి కుట్టేశారు. ఆ తర్వాత నెలలో మస్తాన్‌గారి కొట్టు దగ్గర ఒక తుక్కు జనరేటరు కనిపించింది. "ఏవండీ, ఎక్కడినుంచి వచ్చారండీ మీరు?" అని దాని పక్కన చతికిలబడ్డారు. మస్తాన్‌గారు దాన్ని కాలితో జరిపారు. ఆయన చెవి వెనక గాటు అప్పటిదే. అన్నదమ్ములు మాత్రం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఏదో ఒక ఇంజను ఏదో ఒక రోజు ఆయన్ని పొట్టన పెట్టుకుంటుందని మేమందరం అనుకునేవాళ్ళం. అన్నం తిని పడుకుని, నిద్రలోనే పోయారు.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అడగ్గానే రోకలి సంగతి కూడా దాచకుండా చెప్పిన పిన్ని కరుణమ్మగారికి. నోరు తెరిచి చూపించడమే కాక, పోత ఇనుము గురించి నేను రాసిన రెండు తప్పులు దిద్దిన సత్తిబాబుకి. ఇంజన్లు ఎక్కడెక్కడినుంచి వచ్చాయో గుర్తుచేసుకుని చెప్పిన మస్తాన్‌గారికి. ఇంటికివ్వకూడని పుస్తకాన్ని, అట్ట లేదు కనక అది పుస్తకం కిందికి రాదని చెప్పి నాకిచ్చిన విజయలక్ష్మిగారికి. ఇది చదివి వినిపిస్తే కోపగించుకోకుండా, తన కాగితం చింపేసిన పాస్టరు ప్రభాకర్‌గారికి. ఆ రోజు వంట పాకలోంచి పంచదార తెచ్చిన రాహేలమ్మగారికి.

ఆఖరున దానియేలుగారికి. పంచదారా ఇసుకా పోసింది తనేనని రాయడానికి ఒప్పుకున్నారు, పేరు కూడా పెట్టమన్నారు. చొక్కా చెయ్యి మడిచి, వంకరగా అతుక్కున్న ముంజేయి బల్ల మీద పెట్టి, ముట్టుకుని చూడమన్నారు. నేను వేలితో తడిమి, దెబ్బ సంగతి రాసుకుంటుంటే నా కాగితం మీద చెయ్యి వేసి ఆపారు.

"ఇది రాసుకో. కాని రెండో దెబ్బకి చేతులెత్తి కూడా కొట్టలేదని రాయి. ఆ రోజు నేను కింద ఉన్నాను, ఆ చేతులు చూసింది నేను. దింపడం ఆయనకి ఎంత కష్టమైందో నీకు తెలీదు."